పీజీ స్థాయి అర్థశాస్త్రంలో గణితం ఎందుకు, దానికి ఎలా సిద్ధపడాలి

డిగ్రీలో అర్థశాస్త్రం చదివి మంచి మార్కులతో పూర్తి చేశాననీ, పై చదువుల కోసం కొన్ని విశ్వవిద్యాలయాల మొదటి సంవత్సరపు పాఠ్యప్రణాళికలు తెరిచి చూస్తే ధరలు, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం కన్నా సమితులు, సిద్ధాంతాలు, నిరూపణలే ఎక్కువగా కనిపించాయనీ మీరు రాశారు. ఇంత గణితం నిజంగా అవసరమా, దానికి ఎలా సిద్ధపడాలి, మాస్టర్స్‌తో ఆగడం మంచిదా లేక పీహెచ్‌డీ వరకు వెళ్ళాలా, ఒక ఏడాది ఆగి దరఖాస్తు చేస్తే నష్టమా అన్నవి మీ ప్రశ్నలు. ఈ కోర్సులు చదివి, తర్వాత చాలా ఏళ్ళు వాటినే బోధించిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవి చాలావరకు దాని వెంటే తేలిపోతాయి.

గణితం గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. విద్యార్థులను వడపోయడానికి పెట్టిన అడ్డంకి తప్ప అందులో ఇంకేమీ లేదనేది ఒకటి. గణితం ఎంత ఎక్కువగా ఉంటే శాస్త్రం అంత గట్టిదనేది రెండోది. నాకు రెండూ సమ్మతం కావు. డిగ్రీలో మనకు నిర్ధారణలు చెబుతారు: ధర పెరిగితే డిమాండు తగ్గుతుంది, పోటీ ఉన్న మార్కెట్లు వనరులను సమర్థంగా పంచుతాయి, చదువు పెరిగితే వేతనం పెరుగుతుంది. పై స్థాయిలో అదే నిర్ధారణను మీ ముందు పెట్టి, ఇది ఏ షరతుల మీద నిలబడి ఉంది, వాటిలో ఏది తీసేస్తే పడిపోతుంది, ఏది తీసేసినా చెక్కుచెదరదు అని అడుగుతారు. మాటల్లో వాదించేటప్పుడు ఈ షరతులు కంటికి కనబడకుండా వాక్యాల మధ్య దాగి ఉంటాయి. నిరూపణ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఒక్కొక్కటిగా బయటపడక తప్పదు. ఈ పని కోసమే గణితం కావాలి. అంతకు మించి అవసరం లేదు కానీ, ఆ మేరకు మాత్రం తప్పించుకోవడానికి దారి లేదు.

ఇది ఊరికే చెబితే నమ్మకం కలగదు కాబట్టి మీకు బాగా తెలిసిన విషయాన్నే తీసుకుందాం. వినియోగదారుడి ఎంపిక గురించి డిగ్రీలో చదివినప్పుడు ఉదాసీనతా వక్రరేఖ బడ్జెట్ రేఖను తాకే బిందువు దగ్గర గరిష్ఠ ప్రయోజనం లభిస్తుందని నేర్చుకున్నారు. పీజీ తరగతిలో ప్రశ్న అంతకన్నా వెనక్కి వెళుతుంది: అసలు ఒక మనిషి ఇష్టాయిష్టాలను ప్రయోజన ప్రమేయం రూపంలో రాయవచ్చునని ఎవరు చెప్పారు? ఏ రెండు వస్తు సముదాయాలు ఇచ్చినా అతడు పోల్చి చెప్పగలడనీ, ఒకదాని కన్నా రెండోది, రెండోదాని కన్నా మూడోది నచ్చితే మొదటిదాని కన్నా మూడోదే నచ్చుతుందనీ అనుకుందాం. హేతుబద్ధత అంటే ఇంతే అని చాలామంది అనుకుంటారు. ఎంచుకోవలసినవి పరిమిత సంఖ్యలో ఉంటే ఈ రెండు షరతులూ సరిపోతాయి, ఒక్కొక్కదానికి ఒక అంకె వేసుకుంటూ పోవచ్చు. పరిమాణాలు ఎంత చిన్న మొత్తాల్లోనైనా మారగలిగినప్పుడు మాత్రం ఇవి చాలవు.

ఎందుకు చాలవో చూడండి. రెండు వస్తువులున్నాయి. మన వినియోగదారుడికి మొదటి వస్తువు మీద ఎంత మక్కువంటే, అది ఏ కొంచెం ఎక్కువ ఉన్నా ఆ సముదాయాన్నే కోరుకుంటాడు. మొదటి వస్తువు సరిసమానంగా ఉన్నప్పుడు మాత్రమే రెండో వస్తువు ఎంత ఉందో చూస్తాడు. పై రెండు షరతులనూ ఇతడు ఏ లోపమూ లేకుండా పాటిస్తున్నాడు. ఇప్పుడు ఇతడి ఇష్టాలను సూచించే ప్రయోజన ప్రమేయం ఒకటి ఉందనుకుందాం. మొదటి వస్తువు పరిమాణాన్ని ఏదో ఒక వాస్తవ సంఖ్యగా తీసుకుని, దానికి తోడు రెండో వస్తువు 1 యూనిట్ ఉన్న సముదాయాన్నీ, 2 యూనిట్లు ఉన్న సముదాయాన్నీ పోల్చండి. రెండోదాని ప్రయోజనం ఎక్కువ కాబట్టి ఆ రెండు ప్రయోజనాల మధ్య సంఖ్యారేఖ మీద కొంత జాగా ఉంటుంది. మొదటి వస్తువు పరిమాణాన్ని మార్చి మళ్ళీ చేస్తే ఇంకొక జాగా వస్తుంది. మొదటి వస్తువు ఎక్కువున్న సముదాయం ఎప్పుడూ పైదే కాబట్టి ఈ జాగాలు ఒకదానిమీద ఒకటి పడవు. సంఖ్యారేఖ మీద ఏ జాగాలోనైనా కనీసం ఒక అకరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగే సంఖ్య, దొరుకుతుంది. అంటే ప్రతి వాస్తవ సంఖ్యకూ దానికే సొంతమైన ఒక అకరణీయ సంఖ్యను కేటాయించగలిగాం. అకరణీయ సంఖ్యలను ఒకటి, రెండు, మూడు అని వరుసగా లెక్కపెట్టవచ్చు, వాస్తవ సంఖ్యలను అలా లెక్కపెట్టలేమని కాంటర్ పందొమ్మిదో శతాబ్దంలోనే నిరూపించాడు. కాబట్టి ఆ కేటాయింపు అసాధ్యం. అటువంటి ప్రయోజన ప్రమేయం లేనే లేదు.

ఈ మనిషికి ఉదాసీనతా వక్రరేఖ కూడా ఉండదు. ఏ రెండు వేర్వేరు సముదాయాల మధ్యా అతడు ఉదాసీనంగా ఉండడు. మనం డిగ్రీలో గీసిన ఆ వంపు గీత వెనుక ఇంకొక షరతు మొదటినుంచీ ఉంది: ఇష్టాలు అవిచ్ఛిన్నంగా ఉండాలి, అంటే పరిమాణాల్లో అతి స్వల్పమైన మార్పు వస్తే ఇష్టం ఒక్కసారిగా తలకిందులు కాకూడదు. ఆ షరతు చేర్చితే ప్రయోజన ప్రమేయం తప్పకుండా ఉంటుందని జెరార్డ్ డెబ్రూ 1954లో చూపాడు. ఇక్కడి నుంచి గొలుసు సాగుతుంది. గరిష్ఠ బిందువు ఉండాలంటే బడ్జెట్ సమితికి హద్దు ఉండాలి. ఒక వస్తువు ధర సున్నా అయిందంటే ఆ హద్దు పోతుంది, ఇంకా కావాలనే వినియోగదారుడికి డిమాండు అనేదే నిర్వచించలేం. డిమాండు ఒకే బిందువు కావాలంటే ఇష్టాలకు కచ్చితమైన కుంభాకారత కావాలి. డిమాండు అవిచ్ఛిన్నమైతేనే స్థిర బిందు సిద్ధాంతాలు (ఒక ప్రమేయం కదిలించకుండా ఉన్నచోటే ఉంచే బిందువు ఒకటి ఉంటుందని చెప్పేవి) వాడి అన్ని మార్కెట్లలోనూ ఒకేసారి సమతౌల్యం ఉంటుందని చెప్పగలం. కెన్నెత్ ఆరో, డెబ్రూ కలిసి 1954లో చేసిన పని అదే. గణితవేత్త కకుటాని 1941లో ప్రచురించిన స్థిర బిందు సిద్ధాంతమే 1950లో జాన్ నాష్ తన క్రీడా సమతౌల్యానికి (గేమ్ థియరీలో ఎవరూ ఒంటరిగా తమ ఎత్తుగడ మార్చుకోవాలనుకోని స్థితికి) ఇచ్చిన చిన్న నిరూపణకూ ఆధారం.

ఇంతవరకు వచ్చాక చాలామంది విద్యార్థులకు ఒక ఆశ కలుగుతుంది. వ్యక్తుల డిమాండు ఇంత క్రమశిక్షణతో ఉంటే, అందరి డిమాండూ కలిపినప్పుడు కూడా మంచి లక్షణాలే వస్తాయి కదా, సమతౌల్యం ఒక్కటే ఉంటుంది కదా అని. 1970వ దశకంలో సోనెన్‌షైన్, మాంటెల్, డెబ్రూ విడివిడిగా చేసిన కృషి ఆ ఆశను తుడిచేసింది. వ్యక్తులందరూ పాఠ్యపుస్తకంలో చెప్పినట్లే నడుచుకున్నా, మొత్తం మార్కెట్ డిమాండు గురించి అవిచ్ఛిన్నత, అన్ని ధరలూ ఒకే నిష్పత్తిలో మారితే ప్రభావం ఉండకపోవడం, వాల్రాస్ నియమం (అందరి ఖర్చుల మొత్తం వారి ఆదాయాల మొత్తానికి సమానం కావడం) తప్ప దాదాపు ఇంకేమీ చెప్పలేమని తేలింది. సమతౌల్యాలు చాలా ఉండవచ్చు, వాటిలో కొన్ని అస్థిరంగానూ ఉండవచ్చు. మార్కెట్ తనంతట తానే సర్దుకుంటుందని ఎవరైనా సిద్ధాంతం పేరు చెప్పి వాదిస్తే, ఆ సిద్ధాంతం అంత మాట ఎక్కడా అనలేదని మీరు జవాబు చెప్పగలుగుతారు. నా దృష్టిలో మొదటి సంవత్సరపు సూక్ష్మ అర్థశాస్త్రం నేర్పే అసలు విషయం ఇదే. ఆర్థిక సిద్ధాంతాన్ని విమర్శించాలనుకునేవారికి దాన్ని సమర్థించేవారి కన్నా ఈ కోర్సు ఎక్కువ ఉపయోగపడుతుందని కూడా నా నమ్మకం.

ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించే ఎకనోమెట్రిక్స్‌లోనూ పద్ధతి ఇదే, కాకపోతే అక్కడ షరతులు డేటా ఎలా పుట్టిందన్న దాని గురించి ఉంటాయి. చదువుకీ వేతనానికీ ఉన్న సంబంధాన్ని తీసుకోండి. ఎక్కువ చదివినవారికి ఎక్కువ వేతనం వస్తున్నదని రిగ్రెషన్ (డేటాకు బాగా సరిపోయే గీతతో సంబంధాన్ని అంచనా వేసే పద్ధతి) చూపిస్తుంది. అయితే సహజంగా చురుకైనవారు ఎక్కువ చదువుతారు, చదవకపోయినా బహుశా ఎక్కువే సంపాదిస్తారు. ఆ చురుకుదనం మన డేటాలో లేదు, కాబట్టి దాని ప్రభావం కూడా చదువు ఖాతాలోనే పడుతుంది. దీన్ని దాటడానికి జాషువా యాంగ్రిస్ట్, అలన్ క్రూగర్ 1991లో ఒక తెలివైన మార్గం వెతికారు. అమెరికాలో బడిలో చేరే వయసు క్యాలెండర్ సంవత్సరాన్ని బట్టీ, బడి మానేయడానికి అనుమతించే వయసు పుట్టినరోజును బట్టీ నిర్ణయమయ్యేవి. అందువల్ల సంవత్సరం మొదటి మూడు నెలల్లో పుట్టినవారు కాస్త పెద్ద వయసులో బడిలో చేరి, చట్టం అనుమతించిన రోజుకు కాస్త తక్కువ చదువుతో బయటపడగలిగేవారు. పుట్టిన నెలకూ తెలివితేటలకూ సంబంధం లేదనుకుంటే, ఈ చిన్న తేడా లాటరీలాగా పనిచేస్తుంది. ఇలా వాడే దాన్ని సాధన చలరాశి అంటారు. 1930 నుంచి 1939 మధ్య పుట్టిన 3 లక్షలకు పైగా పురుషుల జనగణన సమాచారంతో వారు లెక్కకట్టినప్పుడు, మొదటి త్రైమాసికంలో పుట్టినవారికీ మిగిలినవారికీ చదువులో తేడా సగటున దాదాపు 0.1 సంవత్సరం మాత్రమే వచ్చింది.

అంత చిన్న తేడా మీద చదువు వేతనాన్ని ఎంత పెంచుతుందన్న అంత పెద్ద నిర్ధారణ నిలబడుతుందా అనే అనుమానం మీకు వచ్చి ఉంటే, మీరు సరైన దారిలోనే ఉన్నారు. బౌండ్, జేగర్, బేకర్ 1995లో ఆ అనుమానాన్నే పరీక్షించారు. నిజమైన పుట్టిన త్రైమాసికాలను తీసేసి, కంప్యూటరుతో యాదృచ్ఛికంగా పుట్టించిన త్రైమాసికాలను వాటి స్థానంలో పెట్టి, పుట్టిన సంవత్సరాలతోనూ రాష్ట్రాలతోనూ కలిపి పెద్ద సంఖ్యలో సాధన చలరాశులుగా వాడిన అదే లెక్కను మళ్ళీ చేశారు. ఏ అర్థమూ లేని ఆ అంకెలతో కూడా చూడటానికి ఎంతో నమ్మదగినట్లున్న ఫలితమే వచ్చింది, ప్రామాణిక దోషాలు (అంచనా ఎంత ఊగిసలాడవచ్చో చెప్పే కొలతలు) సైతం ఏ అనుమానమూ కలిగించలేదు. సాధన చలరాశికి చదువుతో ఉన్న సంబంధం బలహీనంగా ఉంటే, నమూనా (శాంపిల్) ఎంత పెద్దదైనా అంచనా మనం తప్పించుకోవాలనుకున్న మామూలు రిగ్రెషన్ వైపే జారిపోతుందని అలా తేటతెల్లమైంది. దీని తర్వాత మొదటి దశ సంబంధం, అంటే సాధన చలరాశికీ చదువు వంటి కారణానికీ ఉన్న సంబంధం, ఎంత బలంగా ఉందో చూపకుండా ఇటువంటి అంచనాను ఎవరూ ఒప్పుకోని పరిస్థితి వచ్చింది. మరోవైపు, ఈ పద్ధతితో లభించే అంకె అందరికీ వర్తించేది కాదనీ, ఆ చట్టం వల్ల ఎవరి నిర్ణయం మారిందో వారికి మాత్రమే వర్తించే సగటు అనీ ఇంబెన్స్, యాంగ్రిస్ట్ 1994లో స్పష్టం చేశారు. 2021 నోబెల్ బహుమతిలో సగం డేవిడ్ కార్డ్‌కూ, మిగిలిన సగం వీరిద్దరికీ దక్కింది. ఎకనోమెట్రిక్స్ కోర్సులో మీకు సూత్రాలు చాలానే చెబుతారు, వాటిని సాఫ్ట్‌వేర్ ఒక్క ఆదేశంతో చేసేస్తుంది. ఈ 1991, 1994, 1995 వ్యాసాలను వరుసగా చదివి, ఒక్కొక్కటి ముందుదానిలోని ఏ షరతును పట్టుకుందో రాసుకోవడం అంతకన్నా విలువైన పని.

స్థూల అర్థశాస్త్రం గురించి కొంత తక్కువగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఇబ్బంది ఎక్కువగా సంకేతాల వల్ల వస్తుంది, ఆలోచన వల్ల కాదు. రాబర్ట్ లూకాస్ 1976లో చేసిన విమర్శ తర్వాత, గత డేటాలో కనిపించిన సంబంధాలు ప్రభుత్వ విధానం మారినప్పుడు అలాగే ఉంటాయని అనుకోవడం కుదరలేదు. ప్రజలు ముందుచూపుతో తమ ప్రవర్తన మార్చుకుంటారు కాబట్టి, ఆర్థిక నమూనాను (మోడల్‌ను) వారి నిర్ణయాల నుంచే కట్టుకుంటూ రావాలి. ఆ నిర్ణయం సాధారణంగా ఈ రూపంలో ఉంటుంది: ఇవాళ ఎంత ఖర్చు పెట్టాలి, రేపటికి ఎంత దాచాలి. ఈ రోజు ఉన్న ఆస్తి విలువ అంటే ఈ రోజు వినియోగపు ప్రయోజనం, దానికి తోడు రేపటి ఆస్తి విలువను కొంత తగ్గించి కలిపిన మొత్తం అని బెల్‌మన్ సమీకరణం చెబుతుంది. ఇందులో తెలియనిది ఒక అంకె కాదు, ఒక ప్రమేయం మొత్తం. పైగా అది సమీకరణానికి రెండు వైపులా ఉంది. ఏదో ఒక ఊహతో మొదలుపెట్టి, దాన్ని కుడివైపు పెట్టి, వచ్చిన దాన్ని మళ్ళీ కుడివైపు పెట్టుకుంటూ పోతే చాలు. రేపటి విలువను 0.96తో గుణించి తగ్గిస్తున్నామనుకుంటే, ప్రతిసారీ మన పొరపాటు కనీసం 4 శాతం చొప్పున కుంచించుకుపోతుంది, అందువల్ల ఎక్కడ మొదలుపెట్టినా చేరే చోటు ఒక్కటే. ఆ 0.96 బదులు 1 పెట్టి చూడండి. ఆ హామీ పోతుంది. మళ్ళీ అదే సంగతి, ఏ షరతు బరువు మోస్తున్నదో తెలియాలి. స్థూల అర్థశాస్త్రం అర్థం కావడం లేదని వచ్చిన విద్యార్థులకు ఇంకొక పుస్తకం సూచించడం మానేసి, ఈ చిన్న సమస్యను కంప్యూటరులో సొంతంగా రాసి పరిష్కరించి తీసుకురమ్మంటాను. ముప్పై నలభై పంక్తుల ప్రోగ్రామే, కానీ అది రాసేసరికి సగం సందేహాలు పోతాయి.

ఇక సిద్ధపడే విషయం. బహుచలరాశుల కలనగణితం, రేఖీయ బీజగణితం, సంభావ్యత, గణాంకశాస్త్రం ఎలాగూ కావాలి. ఎకనోమెట్రిక్స్‌లో మీరు చూసే కనిష్ఠ వర్గాల పద్ధతి జ్యామితి దృష్టితో చూస్తే ఒక సదిశను ఒక ఉపాంతరాళం మీదికి ప్రక్షేపించడమే. రేఖీయ బీజగణితం ఆ స్థాయిలో వస్తే చాలు. సంభావ్యతలో షరతు సగటు (ఒక విషయం తెలిసినప్పుడు మరొకదాని సగటు) అనే భావనను గట్టిగా పట్టుకోండి, మిగిలినవి తర్వాత నేర్చుకోవచ్చు. వీటన్నిటి కన్నా ముఖ్యమైనది వాస్తవ విశ్లేషణ (రియల్ అనాలిసిస్) కోర్సు, దానికి కారణం అందులోని సిద్ధాంతాలు అర్థశాస్త్రంలో నేరుగా వాడతామని మాత్రమే కాదు, నిరూపణ రాయడం నేర్పే మొదటి కోర్సు చాలామందికి అదే కావడం. ఇంజనీరింగ్ గణితం బాగా వచ్చినవారు కూడా ఇక్కడ తడబడుతుంటారు. సూత్రం పెట్టి జవాబు రాబట్టడం వేరు, అంతకు ముందు ఆ జవాబు ఉందని చూపడం వేరు. మెజర్ థియరీ, టోపాలజీ వంటివి ముందే చదివి రావలసిన పని లేదు. అంశాల జాబితా పెంచుకోవడం కన్నా తక్కువ అంశాలను లోతుగా చదవడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

లోతుగా అంటే ఎలాగో ఒక అభ్యాసం చెబుతాను. ప్రతి సిద్ధాంతం దగ్గరా ఆగి, అందులోని షరతులను ఒక్కొక్కటిగా తీసేసి, సిద్ధాంతం విఫలమయ్యే ఉదాహరణను మీరే తయారు చేయండి. సంవృతమై (అంచులు కూడా తనలోనే ఉండి), పరిబద్ధమైన (హద్దున్న) సమితి మీద అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠ విలువ ఉంటుందన్నది సిద్ధాంతం. సమితి సంవృతం కాకపోతే? 0 నుంచి 1 వరకు, 1ని వదిలేసి, ఎక్స్ అనే ప్రమేయాన్నే తీసుకోండి. 1కి ఎంత దగ్గరికైనా వెళ్ళవచ్చు, చేరలేం. పరిబద్ధం కాకపోతే? అదే ప్రమేయం 0 నుంచి అనంతం వరకు. అవిచ్ఛిన్నత లేకపోతే? 1 దగ్గర మాత్రం విలువను 0కి పడేయండి. ఈ మూడు ఉదాహరణలూ పట్టుమని పది నిమిషాల పని, కానీ ఇవి చేసిన విద్యార్థికి బడ్జెట్ సమితిలో ధర సున్నా అయినప్పుడు ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. నిరూపణను కంఠస్థం చేసినవారికి ఆ సంబంధం ఎన్నటికీ తట్టదు.

కోర్సులో చేరాక మొదటి ఏడాది సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు, ఎకనోమెట్రిక్స్ ఒకేసారి నడుస్తాయి. వారం వారం ఇచ్చే సమస్యలను నలుగురితో కూర్చుని చర్చించండి, చర్చ ముగిశాక కాగితాలు పక్కన పెట్టి జవాబును ఒంటరిగా మొదటి నుంచి రాయండి. ఇతరులు చెప్పిన జవాబు విని అర్థమైందనుకోవడం వల్ల, పీహెచ్‌డీ కార్యక్రమాల్లో సాధారణంగా మొదటి ఏడాది చివర ఉండే అర్హత పరీక్షల్లో దెబ్బతిన్నవారిని చాలామందిని చూశాను.

అయితే అసలు కష్టం ఆ పరీక్షలతో అయిపోతుందని అనుకోకండి. మొదటి రెండేళ్ళూ ఎవరో ఇచ్చిన సమస్యకు జవాబు వెతుకుతారు. మూడో ఏడాది నుంచి సమస్యను మీరే వెతుక్కోవాలి. తరగతిలో మొదటి స్థానంలో ఉన్నవారు ఇక్కడ నెలల తరబడి ఏమీ రాయలేక కూర్చోవడం, మధ్యస్థంగా ఉన్నవారు ముందుకు దూసుకుపోవడం మామూలే. వ్యాసాలు చదివి అందులో మిగిలిపోయిన ఖాళీని పూరించాలనుకోవడం చాలామంది చేసే పని, దాని వల్ల సాధారణంగా చిన్న ఫలితాలే వస్తాయి. ఒక చట్టమో, ఒక పరిశ్రమో, ఒక పన్ను పద్ధతో వాస్తవంలో ఎలా నడుస్తుందో వివరంగా తెలుసుకున్నవారికి మంచి ప్రశ్నలు దొరకడం ఎక్కువగా చూశాను. బడి మానేసే వయసు పుట్టినరోజుతో ముడిపడి ఉందన్న చట్టపు వివరం తెలియకపోతే యాంగ్రిస్ట్, క్రూగర్‌ల వ్యాసం పుట్టేదే కాదు కదా. ప్రశ్న తట్టగానే ఒక పేజీ రాయండి: ఏమి తెలుసుకోవాలనుకుంటున్నాను, జవాబు ఇలా వస్తే ఎవరి అభిప్రాయం మారుతుంది, అలా కాకుండా జరిగి ఉంటే ఏమయ్యేదో దేనితో పోల్చి చెప్పగలను. మూడో వాక్యం దగ్గరే చాలా ప్రశ్నలు ఆగిపోతాయి. ఆగిపోతే మంచిదే, రెండేళ్ళ తర్వాత తెలిసేది అప్పుడే తెలిసింది.

ప్రచురణ విషయంలో ముందే తెలిసి ఉండవలసినది ఒకటుంది. ఈ రంగంలో ఐదు పత్రికలకు అసాధారణమైన ప్రాధాన్యం ఉంది. కార్డ్, డెల్లావిన్యా 2013లో ప్రచురించిన పరిశీలన ప్రకారం 1970ల నుంచి వాటికి వచ్చే వ్యాసాలు బాగా పెరిగి, ప్రచురించేవి తగ్గి, ఆమోదం పొందేవి 15 శాతం నుంచి 6 శాతానికి పడిపోయాయి. ఒక్కో వ్యాసం నిడివి దాదాపు మూడింతలైంది. ఒక వ్యాసం పంపినప్పటి నుంచి అచ్చయ్యేలోగా కొన్నేళ్ళు గడవడం ఇక్కడ వింత కాదు. అందుకే ఉద్యోగ మార్కెట్లో మీ ప్రచురణల కన్నా, అప్పటికి ప్రచురణ కాని ఒకే ఒక్క ప్రధాన వ్యాసాన్ని బట్టి మిమ్మల్ని అంచనా వేస్తారు. ఐదారేళ్ళ చదువు ఒక వ్యాసం మీద ఆధారపడటం న్యాయమా అంటే కాదనే అంటాను, కానీ పద్ధతి అలా ఉంది.

మాస్టర్సా, పీహెచ్‌డీనా అన్నదానికి మీరు ఏ పని చేయాలనుకుంటున్నారన్నదే ఆధారం. అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు, సాధారణంగా ఐదారేళ్ళు పడుతుంది, మంచి విశ్వవిద్యాలయాల్లో ఫీజు మినహాయింపుతో పాటు స్టైపెండ్ కూడా ఇస్తారు. ఐరోపాలో ఎక్కువ చోట్ల ముందు మాస్టర్స్, తర్వాత మూడు నాలుగేళ్ళ పీహెచ్‌డీ. మాస్టర్స్‌కు ఎక్కువగా సొంత డబ్బే పెట్టుకోవాలి. విధాన విశ్లేషణ, కన్సల్టింగ్, డేటా ఉద్యోగాలు, బ్యాంకుల పరిశోధన విభాగాల్లో ప్రారంభ స్థాయి పనులకు మంచి మాస్టర్స్ చాలు, అక్కడ పీహెచ్‌డీ చేసిన ఐదేళ్ళు వృథా అనిపించవచ్చు. విశ్వవిద్యాలయంలో బోధన, కేంద్ర బ్యాంకుల్లో సొంత పరిశోధన వంటివి కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. పరిశోధన నచ్చుతుందో లేదో ఇంకా తెలియదు కానీ పేరు పక్కన డాక్టర్ ఉంటే బాగుంటుందనిపించే స్థితిలో ఉంటే, మాస్టర్స్‌లో చేరి ఒక థీసిస్ రాసి చూడండి. రాసేటప్పుడు విసుగు పుట్టిందంటే ఐదేళ్ళు ఆదా అయినట్లే.

ప్రవేశాల గురించి కొద్దిగా. అమెరికా దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి, జవాబులు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి. జీఆర్‌ఈ (ప్రవేశ పరీక్ష) అడిగేచోట గణిత విభాగంలో 170కి దగ్గరగా రావాలి, అయితే ఎక్కువమందికి అలాగే వస్తుంది కాబట్టి అది తలుపు మూయగలదు గానీ తెరవలేదు. తలుపు తెరిచేవి గణిత కోర్సుల్లో గ్రేడ్లు, మీతో కలిసి పరిశోధన చేసిన అధ్యాపకులు రాసే సిఫార్సు లేఖలు. తరగతిలో మంచి మార్కులు వచ్చాయని రాసిన లేఖలు ఎంత పొగిడినా పెద్దగా పనిచేయవు. ఈ విద్యార్థి ఈ డేటాలో ఈ లోపాన్ని తనంతట తానే పట్టుకున్నాడని ఒక్క వాక్యం రాసిన లేఖ పనిచేస్తుంది. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు వరుసగా పేర్చడం వల్ల నాకు తెలిసి ఎవరికీ సీటు రాలేదు.

కాబట్టి ఒక ఏడాది ఆగడం నష్టం కాదు, ఆ ఏడాదిలో రెండు పనులు జరిగితే. ఒకటి, మార్కులతో కూడిన వాస్తవ విశ్లేషణ కోర్సు. రెండు, ఒక పరిశోధకుడి దగ్గర సహాయకుడిగా పని. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్ళ పూర్తికాలపు ఉద్యోగాలుగా వీటిని ఇస్తున్నాయి. అక్కడ డేటా శుభ్రం చేయడం, స్టాటాలోనో ఆర్‌లోనో (గణాంక సాఫ్ట్‌వేర్లు) ఇంకొకరు తర్వాత చదివి అర్థం చేసుకోగలిగేలా ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటారు, ఒక వ్యాసం మొదటి ఊహ నుంచి తుది రూపం వరకు ఎన్నిసార్లు మారుతుందో దగ్గరగా చూస్తారు. ఉద్యోగం దొరకకపోతే, మీకు నచ్చిన ఒక ప్రచురిత వ్యాసానికి రచయితలు బహిరంగంగా ఉంచిన డేటా తీసుకుని, అందులోని ప్రధాన పట్టికను మీ అంతట మీరు మళ్ళీ తయారు చేయండి. అంకెలు సరిపోయాక వారు పెట్టుకున్న షరతుల్లో ఒకటి మార్చి మళ్ళీ లెక్కకట్టండి. ఆ ఫలితాన్ని రెండు పేజీల్లో రాసి మీ అధ్యాపకుల్లో ఒకరికి చూపించండి. సిఫార్సు లేఖ అడగడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.